పడటం నేర్పేవారు కావలెను

మా ఉప్పాడలో కుప్పిగంతులకి ఏనాడూ కరువు లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లన్నీ ఒడ్డెక్కి కూర్చుంటాయి. బడులకి సెలవలూ అప్పుడే. ఇంకేం కావాలి? బోటు అంచు మీంచి ఇసకలోకి ముందు మొగ్గ, వెనక మొగ్గ, పక్క మొగ్గ. గాల్లో ఉండగా పక్కవాణ్ణి తిట్టడం మొదలెట్టి, కింద పడ్డాక ఆ తిట్టు పూర్తి చేసే మొనగాళ్లున్నారు మా ఒడ్డున. మార్కులు వేసేవాడు లేడు, ఫీజు అడిగేవాడు లేడు, సర్టిఫికెట్ ఇస్తానన్నవాడు అసలే లేడు.

మా చిన్నదానికి ఆ జబ్బు అక్కడే అంటుకుంది. దానికిప్పుడు ఏడేళ్లు. ఇంట్లో అది నిటారుగా నిలబడి ఉండగా చూసినవాళ్లు తక్కువ. ద్వారబంధానికి ఆ పక్కా ఈ పక్కా కాళ్లూ చేతులూ తన్నిపెట్టి పైదాకా పాకి, అక్కణ్ణించి "నాన్నా, హోంవర్కు అయిపోయింది" అంటుంది. నేను తల పైకెత్తి పుస్తకం దిద్దాలి. ఎక్కాలు అప్పజెప్పమంటే గోడకి కాళ్లు ఆన్చి తలకిందులుగా మొదలెడుతుంది. పన్నెండో ఎక్కం అప్పజెప్పలేకపోతే, రక్తం తలకెక్కింది కాబట్టి లెక్కలోకి రాదంటుంది.

మా అమ్మకి ఇదేం వింత కాదు. "అది పుట్టడమే ఎదురుకాళ్లతో పుట్టిందిరా. నేల మీద నిలబడితేనే అనుమానించాలి" అని తీర్పు చెప్పేసింది.

ఈ ఎదురుకాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తర్వాత మా ఇంట్లో నడిచిన రాజకీయం అంతా దీని చుట్టూనే తిరిగింది. నడుం పట్టేసినవాళ్లని ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే ఆ పట్టు వదిలిపోతుందని మావైపు గట్టి నమ్మకం. ఉప్పాడ, కొత్తపల్లి చుట్టుపక్కల జాందానీ నేసే ఇళ్లకి లోటు లేదు. గుంట మగ్గం మీద పని అంటే మాటలు కాదు. గుంటలోకి కాళ్లు దింపి, పొద్దస్తమానం ముందుకి వంగి, ఒక్కో బుటాకి ఒక్కో దారం వేళ్లతో దూరుస్తూ కూర్చోవాలి. పని ఎక్కువున్న చీరైతే ఇద్దరు మనుషులు నెలల తరబడి పక్కపక్కన కూర్చుంటారు. చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. నడుం నొప్పికి ఏ గుర్తింపూ రాలేదు. కాబట్టి ఆదివారం పొద్దున్నే మా అరుగు మీద పెద్దమనుషులు వరసగా బోర్లా పడుకుని ఉంటారు. మా చిన్నది ఈ చివరి నడుం మీద ఎక్కి ఆ చివరి నడుం మీద దిగుతుంది. ఒక్కో నడుముకీ ఒక్కో పప్పుండ. మొట్టమొదటి నడుం ఎప్పుడూ మా మావయ్యగారిది. అంటే మా ఆవిడ నాన్నగారు. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. ఆయన దగ్గర పప్పుండ వసూలు చెయ్యరు, తాతగారి కోటా.

ఇలా హాయిగా నడుస్తున్న వైద్యశాలలోకి బడి పీఈటీ మేష్టారు నిప్పు తెచ్చి పడేశారు. "పాపకి ఒళ్లు బాగా వంగుతోందండి. ఇసకలో వదిలేస్తే మెడ విరగ్గొట్టుకుంటాది. కాకినాడ తీసుకెళ్లి జిమ్నాస్టిక్స్‌లో వెయ్యండి."

కాకినాడ ఎందుకంటే మా ఊళ్లో క్లబ్బు లేదు గనక. ఒళ్లు వంచేవాళ్లు లేరని కాదు. తుఫాను వెళ్లిన మర్నాడు వచ్చి చూడండి. అలల్లో బంగారం రేణువులు కొట్టుకొస్తాయని ఊరు ఊరంతా ఒడ్డున నడుం వంచి ఇసక గాలిస్తూ ఉంటుంది. సముద్రం మింగిన పాత ఇళ్లూ గుళ్లూ ఊరికే పోలేదని, ఎప్పుడో ఒకప్పుడు కొంచెం కొంచెం తిరిగిస్తుందని మావాళ్ల లెక్క. చేత్తో, పుల్లతో, దువ్వెనతో గాలిస్తారు. మోకాలు వంచకుండా అరిచేతులు నేలకి ఆన్చి గంటలకొద్దీ అలాగే ఉండగల అరవయ్యేళ్ల ఆడవాళ్లని నేను చాలామందిని చూశాను. ఒలింపిక్ సంఘం వాళ్లే ఇంకా చూడలేదు.

మేష్టారి మాట ఇంట్లో చెప్పాను. సభ తీరింది.

ముందు మా అమ్మ లేచింది. "ఆ ఆట ఆడితే పొట్టిగా ఉండిపోతార్ట. టీవీలో చూళ్లేదూ, అందరూ ఇంతింతే ఉంటారు." నేను నాకు తెలిసింది చెప్పాను. అమెరికా సిమోన్ బైల్స్ ఎత్తు 142 సెంటీమీటర్లు, మన కొలతలో నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. ఆట ఆడి ఆవిడ పొట్టి కాలేదు. పొట్టివాళ్లకి గాల్లో గిరగిరా తిరగడం సులువు కాబట్టి పైమెట్టు దాకా వాళ్లే మిగులుతారు. పొడుగువాళ్లు దారిలో వాలీబాల్‌కి దిగిపోతారు. అమ్మ అంతా విని, "మీ నాన్న ఏ ఆటా ఆడలేదు కదరా, ఆయన సంగతేంటి మరి?" అంది. మా నాన్న ఫొటో వైపు చూసి అందరం ఆ చర్చ ముగించాం.

పక్కింటాయన గోడ మీంచి తల పెట్టారు. పిల్లల గురించి మా వీధిలో ఎవరేం నిర్ణయించుకున్నా ఆయన సంతకం పడాలి. "సర్టిఫికెట్టు స్పోర్ట్స్ కోటాకి పనికొస్తాదా? రాదూ? మరెందుకండీ! షటిల్లో వెయ్యండి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్‌ని చూడండి. 2022లో థామస్ కప్పు, 2023లో ఏషియన్ గేమ్స్ బంగారం. జిమ్నాస్టిక్స్‌లో మనోళ్లెవరున్నారు చెప్పండి?"

"కోడి రామ్మూర్తి నాయుడు లేడా?" అన్నారు మావయ్యగారు అరుగు మీంచి, బోర్లా పడుకునే. కలియుగ భీముడనే బిరుదున్న ఆ శ్రీకాకుళం వీరుడు సర్కస్ పెట్టాడు, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు, అంతా నిజమే. కానీ జిమ్నాస్టిక్స్ పద్దులో ఆయన్ని వెయ్యడం కుదరదు. ఆ మాట చెబితే, "ఏనుగుని మోసినోడు మొగ్గ వెయ్యలేడా అల్లుడుగారూ?" అన్నారు. మావయ్యగారు పిల్లని పంపడానికి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. కాళ్లకి దెబ్బ తగలకూడదు. మనవరాలి మీద ప్రేమ ఎంతో, సొంత నడుం మీద బెంగ ఎంతో విడదీసి చూపించడం కష్టం.

నేను చేనేత సహకార సంఘంలో పద్దులు రాసేవాణ్ణి. ఏదైనా కొనేముందు పాత లెక్కలు తిరగెయ్యడం నా అలవాటు. పక్కింటాయన ప్రశ్నకి జవాబు హైదరాబాదులోనే దొరికింది. బుద్దా అరుణా రెడ్డి. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ కప్పులో వాల్టు విభాగంలో 13.649 మార్కులతో కంచు పతకం తెచ్చింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్పులో భారతదేశానికి వ్యక్తిగతంగా వచ్చిన మొదటి పతకం అదే. ఆ అమ్మాయి మొదట కరాటే నేర్చుకుంది, బ్లాక్ బెల్టు కూడా. ఒళ్లు వంగే తీరు చూసి వాళ్ల నాన్నగారు ఇటు మళ్లించారట. ఈ కరాటే సంగతి పక్కింటాయనకి చెప్పకుండా ఉండాల్సింది. ఆయన వాళ్లబ్బాయిని కరాటేలో వేసి, ఎప్పుడు మళ్లించాలా అని చూస్తున్నారు.

రెండో పేరు అందరికీ తెలిసిందే, అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్. అరికాలికి వంపు లేని చదును పాదాలతో పుట్టింది, ఈ ఆటకి పనికిరాని పాదాలు. 2016 రియో ఒలింపిక్స్‌లో ప్రొడునోవా అనే వాల్టు వేసింది. పరుగెత్తుకొచ్చి, బల్ల మీద చేతులు ఆన్చి లేచి, గాల్లో వరసగా రెండు ముందు మొగ్గలు వేసి దిగాలి. సరిగ్గా దిగకపోతే మెడే. 15.066 మార్కులు వచ్చి నాలుగో స్థానంలో ఆగిపోయింది. కంచు పతకం తీసుకున్న స్విట్జర్లాండ్ అమ్మాయికి 15.216. తేడా 0.150. మా సంఘంలో పావలా తేడా వస్తే రాత్రి పదింటి దాకా కూర్చుని వెతుకుతాం. ఆ రాత్రి దేశం మొత్తం మీద ఆ 0.150 కోసం నాకంటే ఎక్కువ బాధపడినవాళ్లు ఉండరనుకుంటాను.

దశాంశాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1976లో మాంట్రియల్‌లో పద్నాలుగేళ్ల నాదియా కొమనేచికి పదికి పది వచ్చాయి. మార్కుల బోర్డుకి పది చూపించడం చేతకాక 1.00 అని చూపించింది. ఎవరికీ పది రాదనే ధీమాతో చేయించిన బోర్డు అది. ఇప్పుడైతే ఆ వయసు పిల్లని పోటీలోకే రానివ్వరు. ఆ ఏడాది పదహారు నిండాలి. ఇప్పుడు పది అనే హద్దు కూడా లేదు, విన్యాసం ఎంత కష్టమైందో దానికి కొన్ని మార్కులు, ఎంత శుభ్రంగా చేశారో దానికి కొన్ని, రెండూ కలుపుతారు. కిందపడితే మాత్రం నికరంగా ఒక మార్కు కోత. అంటే ఒక్క పాటు ఖరీదు దీప పోగొట్టుకున్న తేడాకి ఆరు రెట్లకి పైనే. ఈ సంగతి చదివిన దగ్గర్నించీ నాకు ఆటలో ఎగరడం కంటే పడటం మీదే దృష్టి పోయింది.

ఇంత సరంజామాతో నేనూ, మా ఆవిడా, మావయ్యగారూ, చిన్నదీ కాకినాడ బయల్దేరాం. బీచ్ రోడ్డు బాగున్నప్పుడు అదొక వైభోగం. ఎడం పక్క సముద్రం, కుడి పక్క సరుగుడు తోటలు, వాకలపూడి దగ్గరకొచ్చేసరికి ఎరువుల ఫ్యాక్టరీ. సర్వీసు ఆటో కిటికీ లేని కిటికీలోంచి మా చిన్నది కాళ్లు బయటపెట్టి కూర్చుంది.

మొదట చూసింది బట్టల కొట్టు మేడ మీద. ఫ్లెక్సీ మీద వరసగా రాశారు: కరాటే, కుంగ్‌ఫూ, యోగా, వెస్ట్రన్ డాన్స్, స్కేటింగ్, అబాకస్, జిమ్నాస్టిక్స్, చేతిరాత. గాల్లో తేలుతున్న ఒక చైనా అమ్మాయి బొమ్మ, దాని కింద 'మా విద్యార్థులు'. లోపల గ్రానైటు నేల మీద వేలెడు మందం కూడా లేని రంగుల చాపలు, ఒకదాంట్లో ఒకటి ఇరికించేవి, పరిచి ఉన్నాయి. రెండు చాపల సందులో మా చిన్నదాని బొటనవేలు ఇరుక్కుంది. అప్పటికే ఒక మూల ఒక పిల్లవాడి కాళ్లు చెరో వైపుకీ చాపించి, భుజాల మీద మోకాలు పెట్టి మేష్టారు నొక్కుతున్నారు. వాడు ఏడుస్తున్నాడు. "సాగాలండీ, ఏడిస్తేనే సాగుతాది" అన్నారాయన, మమ్మల్ని చూసి నవ్వుతూ.

మావయ్యగారికి కోపం వచ్చింది. "దారం కూడా అలా లాగితే తెగుద్దండి. గంజి పెట్టి, ఆరబెట్టి, మెల్లగా సాగదియ్యాలి. మీరు పడుగెప్పుడూ చెయ్యలేదాండీ?" ఆయన చెయ్యలేదట. మేం దిగొచ్చేశాం. పిల్లల్ని నొక్కి సాగదీసే చోట తొడ కండరాలు, కీళ్ల దగ్గర లేత ఎముకలు దెబ్బతింటాయి. వేడెక్కిన ఒంటితో, పిల్లే తనంతట తను దిగినంతమేర దిగడం వేరే సంగతి. మావయ్యగారు ఈ మాట శాస్త్రం చదివి చెప్పలేదు గానీ, చదివినా ఇదే చెప్పేవారు.

రెండోది ఏసీ హాలు. చెప్పులు విప్పే చోటే సోఫా, కాఫీ మిషను. గోడలకి గులాబీ రంగు. పుట్టినరోజు పార్టీలు కూడా ఇక్కడే చేస్తారట, కేకుతో కలిపి ఒక రేటు, కేకు లేకుండా ఒక రేటు. ఫైలు పట్టుకున్న ఒకమ్మాయి మాకెదురుగా కూర్చుని, "మీ పాపని ఫిట్‌నెస్ కోసం చేరుస్తున్నారా సార్, ఒలింపిక్స్ కోసమా?" అని అడిగింది. రెండు ప్యాకేజీలున్నాయట.

"ఒలింపిక్స్‌దెంతండి?" అన్నారు మావయ్యగారు.

ఆ అమ్మాయి చెప్పింది. మావయ్యగారు జాందానీ చీరల్లోకి మార్చుకున్నారు మనసులో. మూడు చీరలు, బుటా దట్టంగా ఉన్నవి.

"ఏ ఒలింపిక్స్‌కండి?" అని నేను అడిగాను. పద్దుల మనిషికి తేదీ కావాలి. "2032లో బ్రిస్బేన్‌లో జరిగేసరికి మాదానికి పదహారు నిండవు. రానివ్వరు. ఇంక 2036. అది మనదేశంలోనే జరపాలని మనవాళ్లు అడుగుతున్నారు, ఇంకా తేలలేదు. ఇప్పుడు కట్టిన అడ్మిషన్ ఫీజు అప్పటిదాకా నిలవుంటుందా, ఏటా మళ్లీ కట్టాలా?"

ఆ అమ్మాయి మేనేజరుని అడిగొస్తానని లేచి వెళ్లింది. ఈలోగా మేం అద్దంలోంచి హాలు చూశాం. పరికరాలు మంచివే, కాదనను. పిల్లలు ముప్ఫైమంది ఉంటారు. కోచ్ ఒక్కడే, పాపం, చురుకైన కుర్రాడు. పిల్లలు వరసలో నిలబడతారు, ముందున్న పిల్ల ఒక గంతు వేస్తుంది, వచ్చి వెనక నిలబడుతుంది. మా ఆవిడ ఒక ఎర్రచొక్కా పాపని ఎంచుకుని గడియారం పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసి, "ఏవండీ, ఇక్కడ ప్రధానంగా నేర్పేది నిలబడటం" అంది. నిలబడటం రేషన్ షాపు దగ్గర ఊరికే నేర్పుతారు.

ఇంతకీ మా ఆవిడ క్లబ్బుల్ని చూసే పద్ధతి వేరు. నేను రశీదు పుస్తకం చూస్తాను, మావయ్యగారు గుడ్డా కుట్టూ చూస్తారు. తను నేరుగా బాత్రూముకి వెళ్లి లోపలి గడియ పడుతుందో లేదో చూసొస్తుంది. తర్వాత మూడు ప్రశ్నలు. ఆడ కోచ్ ఉన్నారా? క్లాసు జరుగుతున్నంతసేపూ తల్లిదండ్రులు కూర్చుని చూడొచ్చా? పిల్లని ఒక్కదాన్నే ఎప్పుడైనా ఉంచుతారా? ఈ ఆటలో కోచ్ చెయ్యి వెయ్యకుండా నేర్పలేరు. మొగ్గ తిరిగేటప్పుడు నడుం కిందా వీపు కిందా చెయ్యి ఉండాల్సిందే, లేకపోతే పిల్ల నెత్తి మీద పడుతుంది. అందుకే ఆ చెయ్యి నలుగురి ముందూ ఉండాలి. అమెరికాలో జాతీయ జట్టు డాక్టరు ఒకడు వైద్యం పేరుతో ఏళ్ల తరబడి వందలమంది ఆడపిల్లల మీద అఘాయిత్యం చేశాడు. 2018లో కోర్టు వాడికి 40 నుంచి 175 ఏళ్ల శిక్ష వేసింది. పతకాలు గుట్టలుగా తెచ్చిన వ్యవస్థలో, తలుపు వేసిన గదుల్లో జరిగింది అదంతా. మన దగ్గర 2012 నుంచీ పోక్సో చట్టం ఉంది. చట్టం ఉందని గడియ చూడటం మానక్కర్లేదు. 'తల్లిదండ్రులు లోపలికి రాకూడదు, పిల్లల ఏకాగ్రత చెడుతుంది' అన్న చోట మా ఆవిడ రెండో మాట మాట్లాడదు, చెప్పులు వేసేసుకుంటుంది.

కోచ్ చదువు గురించి నేనూ ఒక ప్రశ్న తయారుచేసుకున్నాను. పాటియాలాలో నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది. అక్కడ ఏడాది డిప్లొమా ఇస్తారు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. గోడ మీద 'ఎన్ఐఎస్ కోచ్' అని రాస్తే ఆ రెంటిలో ఏదని అడగాలి. అడిగితే మంచి కోచ్‌లకి కోపం రాదు, కాగితం చూపిస్తారు. మిగతావాళ్లు తాము ఏ సినిమా హీరోకి ట్రైనింగ్ ఇచ్చారో చెప్పడం మొదలెడతారు.

మూడోది పీఈటీ మేష్టారు చెప్పిన చోటు. బోర్డు లేదు. ఒక మైదానం వెనక రేకుల షెడ్డు, పైన ఫ్యాన్లు, ఒక గోడ పొడుగునా కిటికీలు తెరిచి ఉన్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూసి పోతున్నారు. లోపల ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, చుడీదారు మీద విజిల్ వేలాడేసుకుని ఉంది. అరడజను పిల్లలు. మమ్మల్ని చూసి తలూపింది గానీ రాలేదు, ఒక పిల్ల వీపు కింద చెయ్యి ఉంది కాబట్టి.

ఆవిడ వచ్చేదాకా మావయ్యగారు తనిఖీ మొదలెట్టారు. మోకాళ్ల మీద కూర్చుని ఒక పెద్ద పరుపు మూల పైకి లేపారు. మోచెయ్యంత మందం. టార్పాలిన్ గుడ్డ, లోపల పొరలు పొరలుగా ఫోము, కింద గట్టిది, పైన మెత్తది. బొటనవేలితో నొక్కి వదిలి, గుంట ఎంతసేపట్లో పైకి లేస్తోందో చూశారు. చిరిగిన చోట అతుకు వేసి మైనం పూసిన దారంతో చేత్తో కుట్టారు. ఆ కుట్టు మీద గోరు పెట్టి ఈ చివర్నించి ఆ చివరికి గీశారు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. "చేత్తో పని తెలిసిన మనిషే" అన్నారు, నాకు కాదు, పరుపుకి చెబుతున్నట్టు.

పక్కనే ఒక గొయ్యి. దాన్నిండా సోఫాలవాళ్లు పారేసే ఫోము ముక్కలు. అంతర్జాతీయ పోటీలో వాడే నేల 12 మీటర్ల పొడుగూ 12 మీటర్ల వెడల్పూ ఉంటుంది, కింద స్ప్రింగులు. ఇక్కడ అందులో నాలుగోవంతు ఉంటే ఎక్కువ, స్ప్రింగుల్లేవు. సన్న దూలం మాత్రం కొలతకి సరిగ్గా ఉంది. 5 మీటర్ల పొడుగు, 10 సెంటీమీటర్ల వెడల్పు. పోటీలో దాన్ని నేలకి మీటరుంపావు ఎత్తున పెడతారు, ఇక్కడ చిన్నపిల్లల కోసం జానెడు ఎత్తులో పెట్టారు. మావయ్యగారు దాని వెడల్పు నాలుగు వేళ్లతో కొలిచి, "చీర అంచంత ఉందండి. దీని మీద నడుస్తారా!" అన్నారు. ఆయన తలెత్తేసరికి మా చిన్నది ఆ చివర ఉంది.

కోచ్‌గారు వచ్చారు. మా ముగ్గుర్నీ దాటుకుని నేరుగా మా చిన్నదాని ముందు గొంతుక్కూర్చుని, "నీకేం వచ్చు?" అని అడిగారు. అది అక్కడే వెనక మొగ్గ వేసి చూపించింది. ఉప్పాడ బోటు మీంచి వేసేదే. మాకు గర్వంగానే అనిపించింది. ఆవిడ మెచ్చుకోలేదు, మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇసక కాబట్టి బతికావు" అన్నారు.

"ముందు ఏం నేర్పుతారండి?" అని నేను కాగితం తీశాను.

"పడటం."

"ఆహా. తర్వాత?"

"అది వచ్చేదాకా తర్వాత లేదండి. కొందరికి నెల పడుతుంది, కొందరికి మూడు."

మావయ్యగారు నావైపు చూశారు. నేను మావయ్యగారివైపు చూశాను. ఇద్దరికీ ఒకటే సందేహం. ఆయన పెద్దవారు కాబట్టి ఆయనే అడిగారు. "పడటానికి ఇంత దూరం వచ్చి ఫీజు కట్టాలాండి? మాది ఉప్పాడండి. మా ఊళ్లో ఏటా ఏదోటి పడతానే ఉంటాది. ఇళ్లు పడ్డాయి, గుడి పడింది. సముద్రానికి అడ్డంగా రాళ్లు పోశారు, ఇసక కూరిన పేద్ద గొట్టాలు వేసి గోడ కట్టారు, అదీ కుంగింది. ఎవరూ నేర్పలేదండి వాటికి."

ఆవిడ నవ్వలేదు. ఒక పాపని పిలిచి పరుపు మీద నిలబెట్టి, చెప్పకుండా భుజం మీద చిన్నగా తోశారు. ఆ పాప వెనక్కి తూలింది. చేతులు వెనక్కి పోలేదు, గుండెల మీదకి ముడుచుకున్నాయి. గెడ్డం మెడకి అతుక్కుంది. మోకాళ్లు వంగాయి. పిర్ర మీంచి వీపు మీదకి, వీపు మీంచి భుజం మీదకి గుండ్రంగా దొర్లి లేచి నిలబడింది. చప్పుడు లేదు. "ఇప్పుడు మీ పాప" అని మా చిన్నదాన్ని అలాగే తోశారు. వెనక మొగ్గలు అవలీలగా వేసే మా చిన్నది రెండు చేతులూ కర్రల్లా వెనక్కి చాపి, అరిచేతుల మీద పడబోయింది. ఆవిడ మధ్యలోనే పట్టేశారు.

"నా దగ్గరికి వచ్చే కట్లన్నీ ఇలాంటివే. మణికట్టో మోచెయ్యో. ఎగురుతూ విరగ్గొట్టుకునేవాళ్లు తక్కువండి. ఊరికే నిలబడి వెనక్కి తూలి, చెయ్యి ఆన్చి విరగ్గొట్టుకుంటారు. ఇది బాత్రూములో జారినా పనికొస్తుంది, సైకిలు మీంచి పడ్డా పనికొస్తుంది." కాసేపాగి, మావయ్యగారిని ఎగాదిగా చూసి, "మీ వయసువాళ్లకి ఇంకా బాగా పనికొస్తుంది" అన్నారు.

మావయ్యగారు అప్పటికి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం గెడ్డం మెడకి ఆనించి, చేతులు గుండెల మీద ముడుచుకుని, మంచం మీద వెనక్కి పడటం మా అమ్మ చూసి కేకలేసింది.

అడ్మిషన్ ఇవ్వమంటే ఆవిడ వెంటనే ఇవ్వలేదు. కొన్ని క్లాసులు ఊరికే పంపండి, పిల్ల మళ్లీ వస్తానంటే అప్పుడు రాసుకుంటాను అన్నారు. బేరం ఆడదామని జేబులో చెయ్యి పెట్టుకుని వెళ్లిన మాకు ఇది కొంచెం నిరుత్సాహమే. ఒలింపిక్స్ గురించి అడిగితే, "ముందు వారానికి రెండ్రోజులు టైముకి తీసుకురండి, చూద్దాం" అన్నారు. డ్రెస్సు గురించి మావయ్యగారు అడిగారు. ఒంటికి అతుక్కునే లియోటార్డు ఇప్పుడే కొననక్కర్లేదు, బిగుతు టీ షర్టూ లెగ్గింగూ చాలు, గుండీలూ జిప్పులూ ఉండకూడదు, జుట్టు గట్టిగా కట్టాలి, గాజులు తియ్యాలి. అక్కడ పెద్ద పిల్ల వేసుకున్న లియోటార్డు అంచుని మావయ్యగారు కొంచెం దూరం నుంచే చూసి, "అంత సాగుతోంది, ఇది నేసింది కాదు, అల్లింది" అని పెదవి విరిచారు. జరీ బుటా రెండు మూడు వేస్తే ఎలా ఉంటుందో ఆయన మనసులో నేసేస్తున్నారని నాకు తెలిసింది. జరీ గీరుకుంటుందండీ అన్నారు కోచ్‌గారు, ఎవరూ అడక్కుండానే. ఆవిడకీ తెలిసిపోయింది.

మా చిన్నదాన్ని అడిగాం. ఏం కావాలని. అది ఫోము గోతిలో నడుం దాకా కూరుకుపోయి ఉంది, బయటికి రానంది. అదే అర్జీ అనుకున్నాం. అరుగు మీద ఆదివారం వైద్యం కూడా ఆపనక్కర్లేదని తేలింది. నడుం మీద నడవడం బాలెన్సుకి మంచిదేనన్నారావిడ, పడుకున్నవాళ్లకి ఇబ్బంది లేకపోతే.

ఇంక మిగిలింది ఫీజు. మొత్తం విన్నాక నేను పద్దుల మనిషిగా అసలు ప్రశ్న వేశాను. బీచ్ రోడ్డు వానాకాలం చివర్లో ఎప్పుడు మూసేస్తారో తెలియదు. అలలు రోడ్డెక్కితే పోలీసులు అడ్డం పెడతారు, అప్పుడు పిఠాపురం చుట్టు తిరిగి రావాలి, రెండు గంటల క్లాసుకి మూడు గంటల ప్రయాణం. "తుఫాను సెలవలకి ఫీజులో కోత ఉంటుందాండి?"

"తుఫానంటే ఏముందండి, రెండ్రోజుల్లో వెళ్లిపోతుంది. దానికి తగ్గించలేను" అన్నారావిడ. "రోడ్డు కోసుకుపోతే మాత్రం, మళ్లీ వేసేదాకా సగమే కట్టండి."

మావయ్యగారు వెంటనే చొక్కా జేబులోంచి డబ్బులు తీసేశారు. "ఆయ్, అలాగైతే ఇప్పుడే రాసేసుకోండమ్మా. ఏడాదంతా సగం ఫీజే మాకు."